పీట మీది కండువా

సోమవారం పొద్దున నారాయణగూడలో తన ఆఫీసు షట్టరు ఎత్తడానికి నళిని వచ్చేసరికి, మెట్టు మీద ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. కాళ్ళకంటిన సిమెంటు ఎండి తెల్లగా పగిలింది. పేరు మాసమ్మ. పాలమూరు దిక్కు నుంచి వచ్చి, మొగుడితో కలిసి అశోక్ నగర్‌లో మేస్త్రీ కింద పనిచేస్తోంది. మొగుడు ఎంకయ్యను నిన్న మధ్యాహ్నం పోలీసులు పట్టుకుపోయారు. ఖూనీ కేసు. ఈ రోజు మూడు గంటలకు కోర్టులో నిలబెడతారు.

ఏ ఖూనీయో నళినికి ఎవరూ చెప్పనక్కరలేదు. చచ్చిపోయింది ఆమె గురువు.

రాఘవేందర్ సార్ రిటైరైన తెలుగు లెక్చరర్. అశోక్ నగర్‌లో అనురాగ్ అనేవాడు నడిపే కోచింగ్ సెంటర్‌లో ఉద్యోగాల పరీక్షలు రాసే పిల్లలకు తెలుగు చెప్పేవాడు. ఆ బిల్డింగు టెర్రస్ మీదే ఒంటి గదిలో ఉండేవాడు. పక్కన ఇంకో గది కడుతున్నారు. నిన్న ఆదివారం పొద్దున పది దాటాక, పిట్టగోడ లేని వైపు నుంచి వెనక సందులో పడ్డాడు. చప్పుడు విని ఇస్త్రీ బండి మనిషి పరుగెత్తేసరికి ప్రాణం లేదు. టెర్రస్ మీద పనిలో ఉండాల్సినవాడు ఎంకయ్య ఒక్కడే. గోడలకు పట్టిన నీళ్ళు సార్ పుస్తకాల మీదికి పోయాయని అంతకుముందే ఇద్దరికీ గొడవైంది. ఇటుక మీద పడితే తెలుస్తది అని ఎంకయ్య నలుగురి ముందూ అన్నాడు. సీఐ రమాకాంత్‌కు అంతకన్నా ఏం కావాలి? కేసు కట్టాడు, మీసం దువ్వుకున్నాడు.

ఆ సమయానికి ఎంకయ్య చిక్కడపల్లి మార్కెట్ పక్కన తన దగ్గర కూర్చుని సద్ది తింటున్నాడని మాసమ్మ చెప్పింది. స్టేషన్‌లోనూ చెప్పిందట. పెళ్ళాం సాక్ష్యం సాక్ష్యమే కాదన్నారట.

"కోపంల అన్నడక్కా. ఆయనకు కోపముంటది గని మనసుల ఏముండది. కోపంల అన్న మాటకు జైల్ల ఏస్తరా?"

నళిని షట్టరు ఎత్తింది. వేస్తారు. పేదవాడి కోపానికి పోలీసులు ఉద్దేశం అని పేరు పెడతారు, పెద్దవాడి ఉద్దేశానికి పొరపాటు అని పేరు పెడతారు. ఈ నామకరణం చూసీ చూసీ ఆమెకు నలభై ఏళ్ళు వచ్చాయి. నిన్న సాయంత్రం సార్ సంగతి మాట్లాడటానికి స్టేషన్‌కు పోయినప్పుడు, అక్కడ ఎంకయ్య పేరున రాసుకున్న వాంగ్మూలం ఆమె చదివింది. 'దురుద్దేశంతో, ముందస్తు పథకం ప్రకారం' అని ఉంది. ఎంకయ్య పుట్టి ఇన్నేళ్ళలో ఆ మాటలు ఆయన నోట పుట్టి ఉండవు. కింద వేలిముద్ర మాత్రం ఆయనదే.

*

నళిని పదో తరగతితో చదువు ఆపేసిన మనిషి. హోంగార్డుగా చేసి, పై ఆఫీసరును లెంపకాయ కొట్టి బయటపడి, ఆ తర్వాత సొంతంగా డిటెక్టివ్ పని మొదలుపెట్టింది. ఉద్యోగం కోసం కాకపోయినా ప్రతి శనివారం రాఘవేందర్ సార్ క్లాసుకు పోయి వెనక బెంచీ మీద కూర్చునేది. మాటలకు వేర్లుంటాయని ఆమెకు చూపించినవాడు ఆయనే. మొన్న శనివారం చెప్పిన పాఠం ఆమెకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. అదే ఆయన ఆఖరు పాఠం.

ఆ రోజు మనిషి కోరిక మీద, నిర్ణయం మీద ఉన్న మాటలు తీసుకున్నాడు. ఇచ్ఛ అంటే వెతుక్కోవడం, దొరకనిదాని వెంట పడటం అన్నాడు. ఉద్దేశంలో దిశ ఉంది, అది వేలు పెట్టి ఒక దిక్కు చూపించడం అన్నాడు. తర్వాత మన బస్తీల్లో నలిగే ఉర్దూ మాటలకు వచ్చాడు. నియ్యత్ అంటే మనసులోని ఉద్దేశం, ఆ మాట ఏ అరబ్బీ అక్షరాల నుంచి పుట్టిందో, ఖర్జూరం గింజ పేరు కూడా ఆ అక్షరాల నుంచే పుట్టిందట. పండు పైనుంచి చూసి గింజ ఎట్లుందో చెప్పగలవా అని ఒక కుర్రాణ్ణి అడిగి, వాడు నీళ్ళు నమిలితే నవ్వాడు. మర్జీ అంటే ఇష్టం, రాజీ అంటే సరేననడం, రెండూ ఒకే వేరువి, రెండింట్లోనూ ఉన్నది ఒప్పుకోవడమే అన్నాడు.

"అయితే ఒకటి చూడుండ్రి," అన్నాడు. "మర్జీ ఎప్పుడూ పెద్దోనిదే ఉంటది. రాజీ అయ్యేది చిన్నోడే. వేరు ఒకటే గని కొమ్మలు వేరు."

చివరకు సంకల్పం. అందరూ దాన్ని గట్టిగా అనుకోవడం అనుకుంటారు. కాదన్నాడు సార్. దాని ధాతువుకు అర్థం అమరడం, పొందిక కావడం. పూజలో చూడండి, ఏ దేశం, ఏ కాలం, ఏ గోత్రం, ఏ పేరు, ఎందుకోసం, అన్నీ ఒక్కటొక్కటిగా అమర్చి చెప్పి అప్పుడు నీళ్ళు వదులుతారు. అనుకున్నవాడు వెనక్కి పోవచ్చు, అమర్చుకున్నవాడు పోడు.

అప్పుడు చాక్‌పీసు బల్ల మీద పెట్టి, తన సంకల్పం కూడా చెప్పాడు. పోయిన నెల పిల్లలు రాసిన పరీక్షలోని ప్రశ్నలు, పరీక్షకు ముందే ఇదే సెంటర్‌లో అనురాగ్ గదిలో తాను చూశానని, సోమవారం పోయి అధికారులకు చెప్తానని అన్నాడు. అరవై మంది విన్నారు. తలుపు దగ్గర అనురాగ్ నిలబడి ఉన్నాడు. ఆయన కూడా ఒకప్పుడు సార్ దగ్గర చదువుకున్నవాడే.

ఇదంతా నళిని నిన్ననే రమాకాంత్‌కు చెప్పింది. ఆయన విని, టీ తాగి, అనురాగ్ ఆ సమయానికి నారాయణగూడలో కొత్త హాలు ప్రారంభానికి సత్యనారాయణ వ్రతంలో కూర్చుని ఉన్నాడన్నాడు. దేవుడి ముందు పీట మీద కూర్చున్న మనిషి అశోక్ నగర్‌లో ఖూనీ ఎట్లా చేస్తాడు? పంతులే చెప్పాడట, సంకల్పం అనురాగ్ పేరు మీదనే జరిగిందని. వ్రతం మొదలైంది తొమ్మిదిన్నరకు. ఫొటోలున్నాయి, వచ్చినవాళ్ళున్నారు.

నళిని ఆలోచన అక్కడే ఆగింది. ఆదివారం, సెంటరుకు సెలవు. పిల్లలంతా, నౌకర్లంతా ప్రసాదానికి నారాయణగూడ పిలుపు. అశోక్ నగర్ బిల్డింగు మొత్తం ఖాళీ, పైన ముసలాయన ఒక్కడు. ఎవరో అన్నీ పొందికగా అమర్చుకున్నారు.

వ్రతం కలశాన్ని ఆ రోజే కదిలించరు. మర్నాడు పొద్దున పంతులు వచ్చి ఉద్వాసన చెప్పి కదిలించేదాకా పూజ చేసిన చోట చీపురు కూడా పెట్టరు. ఆ మర్నాడు ఇవ్వాళే. మాసమ్మను మెట్ల మీదే ఉండమని చెప్పి నళిని బయలుదేరింది.

*

వ్రతం చేయించిన పంతులు అభిరామ్ శర్మ కొత్త హాలు ముందు స్కూటరు స్టాండు వేస్తుండగా ఆమె నమస్కారం పెట్టింది. అరవై దాటిన మనిషి. ఎవరమ్మా అని అడిగితే దాచలేదు, పేరూ పనీ చెప్పింది. ఒక కూలివాడు జైలుకు పోబోతున్నాడని, పూజ చేసిన చోటు ఒకసారి చూస్తే చాలని అంది. ఆయన కొంచెం తటపటాయించి, దేవుడి దగ్గర దాపరికమేముందంటూ తాళం తీశాడు.

హాలు నిండా కొత్త పెయింటు వాసన. తూర్పు గోడకు మండపం. కలశం, వాడిన మామిడాకులు, తమలపాకు మీద పసుపు గణపతి, ఎండిపోయిన అరటి పిలకలు. ఎదురుగా రెండు పీటలు. నళిని చెప్పులు బయట విప్పి, దగ్గరికి పోకుండా ముందు దూరం నుంచే గొంతుక్కూర్చుని చూసింది.

ఎడమవైపు పీట మీద ముగ్గు నడుమంతా చెరిగిపోయింది. అంచుల్లో మాత్రమే పిండి గీతలు మిగిలాయి. చుట్టూ అక్షింతలు రాలి ఉన్నాయి, పీట మీద ఒక్క గింజ లేదు. మనిషి కూర్చున్న పీట అది. కుడివైపు దాని మీద పట్టు కండువా మడత పెట్టి ఉంది. మడత మీద అక్షింతలు, మల్లె రేకులు, కుంకుమ చిటికెడు. పడ్డవి పడ్డట్టే ఉన్నాయి.

ఎవరి కండువా అని ఆమె అడిగింది. అనురాగ్ గారిదేనని శర్మ చెప్పాడు. దాన్ని ఎత్తి చూపించమని కోరింది. ఆయన రెండు చేతులా జాగ్రత్తగా ఎత్తాడు. షాపువాడు పెట్టిన గుండుసూది ఇంకా మడతలోనే ఉంది. కండువా కింద పీట మీద ముగ్గు నిండుగా ఉంది. ఎనిమిది రేకుల పద్మం, ఒక్క రేకూ చెదరలేదు.

నళిని ఫోను తీసి నాలుగు వైపుల నుంచీ ఫొటోలు కొట్టింది. ఆ తర్వాత మెల్లిగా, తండ్రిని అడిగినట్టు అడిగింది.

"పంతులుగారూ, సంకల్పం నీళ్ళు ఎవరు పట్టిండ్రు?"

"అమ్మాయే పట్టింది. అనూహ్యమ్మ."

ఆ మాట ఆయన ఎంత మామూలుగా అన్నాడంటే, అందులో ఒక మనిషి ప్రాణం వేలాడుతోందని ఆయనకు తెలియనే తెలియదు. నళిని గుచ్చి గుచ్చి అడిగితే మొత్తం చెప్పాడు. తొమ్మిదిన్నరకు ముహూర్తం. వంటవాళ్ళు కిందనున్నారు, చుట్టాలెవరూ ఇంకా రాలేదు. చుట్టాలెప్పుడూ ఐదో కథకు, తీర్థప్రసాదాల వేళకే కదా వస్తారు. అనురాగ్‌కు ఏదో అర్జంటు పని పడిందని, ఆలస్యమైతదని, మీరు కానివ్వండని భార్య చెప్పింది. ముహూర్తం దాటిపోతోంది. భర్త దగ్గర లేనప్పుడు ఆయన కండువా పక్క పీట మీద పెట్టుకుని భార్య కూర్చోవచ్చు, సంకల్పంలో గోత్రం, పేరు ఆయనవే చెప్తారు. దుబాయిలో ఉన్నవాళ్ళ పేర్లు కూడా అట్లాగే చెప్తామన్నాడు. అనురాగ్ వచ్చింది ఐదో కథ నడుస్తుండగా. కాళ్ళు కడుక్కుని వచ్చి, ఇక పీట మీద కూర్చోకుండా, నిలబడే అక్షింతలు వేయించుకున్నాడు. ఫొటోలన్నీ అప్పటివే.

ఇదంతా పోలీసులకు ఎందుకు చెప్పలేదని అడిగింది. సంకల్పం ఎవరి పేరు మీద జరిగిందని అడిగారట, ఆయన పేరు మీదే జరిగిందన్నాడట. అది నిజమే. పేరు చెప్తే మనిషి కూర్చున్నట్టేనని ఎవరైనా అనుకుంటారని పాపం ఆయనకు తోచలేదు. పూజలు తెలిసినవాడు ఎవడైనా అడగాల్సిన ప్రశ్న అది. రమాకాంత్ ఇంట్లో ప్రతి ఏడూ వ్రతం జరుగుతుంది, కానీ ఆయన పీట మీద కూర్చుని కూడా ఫోనే చూస్తాడు కాబోలు.

*

తలుచుకున్నట్టే బూట్ల చప్పుడు వినబడింది. పంతులు వాంగ్మూలం మీద సంతకం పెట్టించుకోవడానికి రమాకాంత్ వచ్చాడు. బూట్లతోనే లోపలికి రాబోతే శర్మ చెయ్యి అడ్డం పెట్టాడు. సీఐ గుమ్మం బయట నిలబడి, నళినిని చూసి నవ్వాడు.

"మీరు ఈడ కూడా తయారైండ్రా మేడమ్? ప్రసాదం మిగిలిందా ఏంది?"

"మిగిలింది సార్. మీ వంతు తీసి పెట్టిన. జర బూట్లు ఇప్పి వచ్చి చూడుండ్రి."

ఆయన బూట్లు విప్పి వచ్చాడు. ఆమె పీట చూపించింది, ముగ్గు చూపించింది, గుండుసూది చూపించింది. రమాకాంత్ ముఖంలో నవ్వు మెల్లిగా ఆరింది, కానీ నోరు ఆరలేదు. ముగ్గు పట్టుకుని కోర్టుకు పోతారా అన్నాడు. కండువా పరుచుకుని కూర్చుని ఉండొచ్చన్నాడు. సూది మీద ఎవడు కూర్చుంటాడని ఆమె అడిగింది. పీట మీద లేకపోతే హాల్లో ఎక్కడో ఉండి ఉంటాడన్నాడు. ఉంటే, నీళ్ళు పట్టే చెయ్యి భార్యది ఎందుకైందని అడిగింది. పెళ్ళాం సాక్ష్యం సాక్ష్యం కాదని నిన్న ఒక కూలిదాన్ని తరిమారు కదా, ఇవ్వాళ మొగుడి కండువాను మొగుడని ఎట్లా రాసుకుంటారని కూడా అడిగింది.

"మీరు సదువుకున్నోళ్ళు సార్," అంది. "ఎంకయ్య నోట్ల లేని ఉద్దేశాన్ని మీరే రాసిండ్రు. ఈడ కండ్ల ముందు అమర్చి పెట్టింది మాత్రం కానొస్తలేదు మీకు."

శర్మ మధ్యలో కల్పించుకున్నాడు. తాను చెప్పినదానికి మిగతా సగం కూడా కలిపి రాస్తేనే సంతకం పెడతానని, లేకుంటే పెట్టనని మెత్తగానే అన్నాడు. రమాకాంత్ మెడ ఎర్రబడింది. ఒక ఆడమనిషి ముందు, ఒక పంతులు ముందు తాను తప్పు తేలడం ఆయనకు మింగుడు పడలేదు. ఇప్పుడే తేలుస్తానంటూ ఫోను తీశాడు. ఎవరికి చేస్తున్నాడో నళినికి తట్టేలోపే మాట్లాడేశాడు.

"అనురాగ్ సార్, వ్రతంల మీరు పీట మీద కూసోనే లేదంట గదా. సంకల్పం మేడమ్ ఒక్కతే చేసిందంట. ఏడికి పోయిండ్రు మరి?"

విని, అవునవునని తలాడించి, పెట్టేశాడు. వంటవాళ్ళతో మాట్లాడుతూ కింద ఉన్నాడట, కావాలంటే భార్యను అడగమన్నాడట.

 నిన్నటిదాకా అనురాగ్‌కు తన అబద్ధం నిలబడిందని ధైర్యం. ఆ ధైర్యం ఉన్నంతసేపు ఆయన ఎవరి జోలికీ పోడు. ఇప్పుడు దాన్ని ఈ పెద్దమనిషి ఫోనులో ఊదేశాడు. వంటవాళ్ళు ఆయన్ని చూశామనో చూడలేదనో చెప్తారు, అది తర్వాతి సంగతి. మొగుడు ఎక్కడికి పోయాడో, ఎందుకు పోయాడో చెప్పగల నోరు అనూహ్యది ఒక్కటే ఉంది.

"ఏం చేసిండ్రు సార్ మీరు," అంది. గొంతు పెంచలేదు.

*

శర్మ కలశం ముందు కూర్చున్నాడు. ఉద్వాసన మొదలుపెట్టలేదు. కండువాను ఇంకా ఒళ్ళోనే పెట్టుకుని ఉన్నాడు. ఇంకొక మాటుందన్నాడు. చెప్పాలో వద్దో తెలియక నిన్నటి నుంచి నలుగుతున్నానన్నాడు.

సంకల్పంలో చివరకు కోరిక చెప్పాలి. కొత్త హాలు ప్రారంభం కనుక వ్యాపారాభివృద్ధి అని ఆయనే చెప్పబోయాడట. అనూహ్య వద్దంది.  పాపాలు పోవాలని చెప్పమంది. సరేనమ్మా, అందరం చెప్పుకునేదే కదా, తెలిసీ తెలియక చేసిన పాపాలు అని ఎత్తుకున్నాడు. ఆమె మళ్ళీ ఆపింది.

"'తెలియక' అనకండి పంతులుగారూ అన్నది ఆ అమ్మాయి. తెలిసి చేసినవే అనండి అన్నది. ఆయన పేరు మీద అనండి అన్నది. అని ఏడ్చింది. నేను భర్త తాగుడుకో, తిరుగుడుకో అనుకున్నా."

 రమాకాంత్ తన చేతిలోని కాగితాన్ని మడిచాడు, విప్పాడు, మళ్ళీ మడిచాడు. సంకల్పం తొమ్మిదిన్నరకు. సార్ పడింది పది దాటాక. అంటే అనూహ్య అరచేతిలో నీళ్ళు పట్టి మొగుడి తరఫున క్షమాపణ అడుగుతున్న వేళకు, రాఘవేందర్ సార్ తన గదిలో బతికే ఉన్నాడు. ఏ పుస్తకమో ఎండకు ఆరబెట్టుకుంటూ ఉండి ఉంటాడు.

అనూహ్యకు ముందే తెలుసు. ఆపలేకపోయింది. ఫోను చేయలేకపోయింది. చేయగలిగింది ఒక్కటే, దేవుడి ముందు అబద్ధం ఆడకుండా ఉండటం. నళినికి ఆమె మీద కోపం వచ్చింది. అరగంట టైముంది, అరిచి ఉంటే ఒక మనిషి బతికేవాడు. ఆ కోపాన్ని పక్కకు నెట్టింది. ఎంకయ్యను విడిపించేది ముగ్గు కాదు, సూది కాదు. అనూహ్య నోరే. మూడు గంటలకు కోర్టు.

అనూహ్య నంబరు శర్మ దగ్గరే దొరికింది. బర్కత్‌పురలో ఇల్లు. నళిని ఫోను కలిపింది. చాలాసేపు మోగింది. ఎత్తింది మగ గొంతు, తొందరలేని గొంతు. నళిని తన పేరు చెప్పి అనూహ్యను పిలవమంది.

"నమస్తే మేడమ్. మీరు సార్ క్లాసుల వెనక బెంచీ మీద కూసునేటోళ్ళు కదా, గుర్తున్నరు. అనూహ్యకు ఇయ్యలేనండి. నిన్నటి సంది నిద్ర లేదు, సార్ పోయిన బాధ. మాత్ర ఏసుకొమ్మన్న."

"ఒక్క నిమిషం మాట్లాడిస్తే చాలు."

"ముందు మాత్ర వద్దన్నది మేడమ్," అన్నాడు అనురాగ్. "ఇప్పుడు రాజీ అయింది."

నళిని రమాకాంత్ మోచెయ్యి పట్టుకుని మెట్ల వైపు లాగింది. ఈసారి ఆయన ఎందుకని అడగలేదు. వట్టి కాళ్ళతోనే జీపు వైపు దిగాడు. ఫోను ఇంకా ఆమె చెవి దగ్గరే ఉంది. అటు వైపు కట్ చేయలేదు, బల్ల మీద పెట్టినట్టుంది. గ్లాసులోకి నీళ్ళు వంపిన చప్పుడు. ఆడగొంతు ఏదో సన్నగా అంది, మాట తెలియలేదు. తర్వాత మాత్రల రేకు టప్పుమని చిట్లింది. ఒకటి.

మళ్ళీ చిట్లింది. మళ్ళీ.

ఆమె మెట్లన్నీ దిగి జీపు ఎక్కేదాకా ఆ చప్పుడు ఆగలేదు.